మాంసపు వెలయు, ఊరి మందయు: కలసి కొనుటను గూర్చిన పాఠము



ఎరువును గూర్చి, విత్తనమును గూర్చి, అప్పు వడ్డీలను గూర్చి సంఘములో మాటలాడుకొనుట మనకు వాడుక. ఆదివారమునాడో పండుగనాడో ఇంట వండుకొను మాంసమును గూర్చి సహకారసంఘము తలపోయుట కొందఱు సభ్యులకు వింతగా తోచవచ్చును. కాని కొంచెము విచారించి చూడుడు. నేడు మన డెల్టా పట్టణములలో గొఱ్ఱెమాంసము కిలో ఒకటికి 800 మొదలు 1000 రూపాయల వఱకు పలుకుచున్నది. కూలికి పోవు మనిషి ఒకనాటి కూలి యంతయు ధారపోసినను కిలో మాంసము చేతికి రాదు. ఆ గొఱ్ఱెను ఎండలో వానలో పెంచిన కాపరియో, మంద నమ్ముకొని ధనవంతుడైనట్లు మన మెన్నడును వినలేదు. కొనువాడు ఎక్కువ యిచ్చుచున్నాడు. పెంచినవాడు తక్కువ పుచ్చుకొనుచున్నాడు. ఈ రెంటి నడుమనున్న ఎడమును తగ్గించుటకే సహకారము పుట్టినది.

1844వ సంవత్సరము డిశంబరు 21వ తేదీన ఇంగ్లండు దేశమందలి రాచ్‌డేలు పట్టణమున నేతపనివారు తమ సంఘపు అంగడిని తెఱచినప్పుడు అందుంచిన సరకులు పిండి, వెన్న, పంచదార మొదలగునవే. వారు కోరినది గొప్ప వ్యాపారము కాదు. కల్తీలేని తిండి, మోసములేని తూనిక. ఆ రెండింటిని మాంసమునకు వర్తింపజేయుట ఎట్లో ఈ పాఠమున చెప్పెదము. మాంసము ముట్టని సభ్యులును మనలో గలరు. వారిని ఈ పనిలోనికి రమ్మని మేము బలవంతపెట్టము. ఐనను మందలకు చేను చూపువారు, పెంట కోరువారు, జీవములను పెంచువారు వారిలోను గలరు గనుక ఈ విషయము వారికిని కొంత పనికివచ్చును.

వెల పెరుగుటకు కారణములు

మొదటి కారణము మన కాళ్ళక్రిందనే యున్నది. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట మన పల్లపుసీమ మాగాణి యైనది. సార్వా పంట కోసిన తరువాత చేలు ఖాళీగా నుండు దినములలో మెట్టసీమ కాపరులు మందలను దింపుకొని వచ్చి, పగలు దుబ్బులలో మేపి, రాత్రులు చేలలో మంద కట్టెడివారు. గొఱ్ఱెకు మేత దక్కెడిది; రైతునకు పెంటయు మూత్రమును దక్కెడివి. దాళ్వా పంట పెరిగినకొలది ఆ ఖాళీ దినములు తఱిగినవి. 1990 దరిదాపుల మొదలు భీమవరము, ఉండి, ఆకివీడు ప్రాంతములలో వేలకొలది యెకరముల చేలు చేపల చెఱువులును రొయ్యల చెఱువులును అయినవి. డొంకలు ఇఱుకైనవి, పోరంబోకులు ఇండ్ల స్థలములైనవి. మేత తఱిగినచోట మంద తఱుగును; మంద తఱిగినచోట మాంసము దూరమునుండి రావలసియుండును.

అట్లని తెలుగుదేశమున గొఱ్ఱెలు కఱవైనవని తలపరాదు. 2019వ సంవత్సరపు పశుగణన ప్రకారము ఆంధ్రప్రదేశమున ఇంచుమించు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలును, 55 లక్షల మేకలును గలవు. తెలంగాణమున 1 కోటి 91 లక్షల గొఱ్ఱెలు గలవు. దేశమంతటి గొఱ్ఱెలు 7 కోట్ల 42 లక్షలు. అనగా భారతదేశపు గొఱ్ఱెలలో దాదాపు సగము మన రెండు రాష్ట్రములలోనే యున్నవి. ఐతే వానిలో నధికభాగము రాయలసీమ మొదలగు మెట్టప్రాంతములవి. మన పట్టణములకు అవి లారీలమీద వచ్చును. దారి ఖర్చు, దారిలో తగ్గిన బరువు, దారిలో చచ్చిన జీవముల నష్టము, చేతులు మారినప్పుడెల్ల దళారి లాభము, ఇవన్నియు మన గిన్నెలోని ముక్కమీదనే పడుచున్నవి.

రెండవ కారణము గిరాకి. తెలంగాణ ప్రభుత్వము 2017లో కాపరి కుటుంబములకు 20 తల్లిగొఱ్ఱెలను, 1 పొట్టేలును చొప్పున పంచ నారంభించి, వానిని మన రాష్ట్రమునుండియు, ఇతర పొరుగు రాష్ట్రములనుండియు కొనిపించినది. ఒక్కసారిగా అన్ని జీవములకు కొనుబడి దారులు ఏర్పడినప్పుడు సంతలలో వెల నిలిచియుండుట కల్ల. మరల 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలోనే, పెరవలి మండలము కానూరు వద్దను, తణుకు మండలము వేల్పూరు వద్దను కోళ్ళకు పక్షిజ్వరము సోకినట్లు పరీక్షలలో తేలినది. కోడిమాంసపు బేరము పడిపోయెను. జనులు మేకమాంసము వైపునకును చేపల వైపునకును మరలిరి. ఒక మాంసమునకు కీడు కలిగిన, వేఱొక మాంసము వెల యెక్కునని ఆ మాసమున మనమందఱమును కన్నులార చూచితిమి.

మూడవ కారణము లోకమంతటను గలదు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ లెక్కించు మాంసపు వెలల సూచిక 2025 జూలైలో అంతకుముందెన్నడును లేనంత పైకి పోయెను. ఆ పెరుగుదల ముఖ్యముగా గొడ్డుమాంసము వలనను, గొఱ్ఱెమాంసము వలనను కలిగినది. అమెరికా దేశమున 2025 జనవరి నాటికి పశువులు 8 కోట్ల 67 లక్షలకు తగ్గినవి. 1951 తరువాత అప్పటివఱకు అంత తక్కువ సంఖ్య అచ్చట లేదు. కారణమేమనగా, వరుసగా వచ్చిన అనావృష్టివలన మేత చాలక రైతులు చూడికి వచ్చు పడ్డలను గూడ కోతకు పంపిరి. ఆ యేడు మాంసము సమృద్ధిగా దొరికెను. తరువాత దూడలు లేవు. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. తల్లిగొఱ్ఱెలను గూర్చి చెప్పునప్పుడు మరల దీనికి వచ్చెదము.

గొడ్డుమాంసమును, శాసనమును

మన గ్రామములలో గొడ్డుమాంసము తినువారును గలరు. అది వారికి చవుకగా దొరకు బలమైన ఆహారము. ఇందును వెల పెరుగుచునే యున్నది. మన దేశమునుండి ఎగుమతి యగునది గేదెజాతి మాంసము మాత్రమే; అది ఎముకలేని ముక్కలుగా గడ్డకట్టించబడి వియత్నాము, మలేషియా, ఈజిప్టు మొదలగు దేశములకు పోవుచున్నది. ఎగుమతికి గిరాకి కలిగినప్పుడు మన ఊరి వట్టిపోయిన గేదె వెలయు పెరుగును. అమ్ము రైతునకు అది మేలు. కొని తిను పేదవానికి బరువు.

ఈ విషయమున సభ్యులు శాసనమును తప్పక యెఱిగియుండవలయును. 1977వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ గోవధ నిషేధ, పశుసంరక్షణ శాసనము ప్రకారము ఆవులను, ఆవుదూడలను, గేదెదూడలను వధించుట నిషేధము. దున్నలను, ఎడ్లను, గేదెలను వధింపవలెనన్నను, ఆ పశువు దుక్కికిగాని, పాడికిగాని, ఈతకుగాని ఇక పనికిరాదని అధికారి ధ్రువపత్రము నిచ్చినగాని కూడదు. సంఘము పేరిట జరుగు ఏ పనియు శాసనమునకు విరుద్ధముగా నుండరాదు. కావున మేము ఇచ్చట చెప్పబోవు కలసికొను పద్ధతిని గొఱ్ఱెలకును మేకలకును మాత్రమే వర్తింపజేసి చెప్పుచున్నాము.

పోగులు వేయుట మనకు క్రొత్త కాదు

కనుమనాడో, దసరానాడో, క్రిస్మసునాడో నలుగురైదుగురు ఇండ్లవారు కలసి ఒక పోతును కొని, కోయించి, తాటాకులమీదనో అరటాకులమీదనో పోగులు వేసి పంచుకొనుట మన పల్లెలలో అనాదిగా నున్న ఆచారము. ఈ ఆచారమున మేలు చాల గలదు. జీవమును ప్రాణముతో నున్నప్పుడే అందఱును చూతురు. మాంసము తాజాది. దళారి లేడు. లోపమెక్కడ నున్నదనగా, జీవమును కంటిచూపు మీద కొందురు. పోగులను చేతి యందాజు మీద వేయుదురు. డబ్బును తరువాత వసూలు చేయుదురు. ఈ మూడింటివలన తగవులు పుట్టి, మరుసటి పండుగకు ఆ జట్టు విడిపోవుచున్నది.

ఇట్టి ఆచారమే కెనడా దేశపు పల్లెలలో నుండెడిది. ఇరువదవ శతాబ్దపు మొదటి భాగమున, పల్లెలకు విద్యుత్తును మంచుపెట్టెలును రాకముందు, అచ్చటి రైతులు ఇరువది కుటుంబములు ఒక జట్టుగా ఏర్పడి, వేసవి దినములలో వారమున కొక యెద్దును కోసి పంచుకొనెడివారు. ఒక్కొక్క వారము ఒక్కొక్క కుటుంబము తన పశువు నిచ్చెడిది. ఒక కుటుంబమునకు ఈ వారము తొడ వచ్చినచో, వచ్చు వారము మెడ వచ్చెడిది. ఇరువది వారములు తిరుగునప్పటికి ప్రతి యింటికిని పశువులోని అన్ని భాగములును వరుసగా ముట్టెడివి. తూనికలన్నియు పుస్తకములో వ్రాసి, చివర హెచ్చుతగ్గులను డబ్బుతో సరిపెట్టుకొనెడివారు. మన పోగులకు ఈ వరుసయు, ఈ పుస్తకమును చేర్చినచో మనకు కావలసిన సహకారపద్ధతి సిద్ధమైనట్లే.

ప్రాణముతో నున్న జీవమును తూచుట

ఊరి కాపరివద్ద కొనునప్పుడు కాటా తప్పక యుండవలయును. దూలమునకు వ్రేలాడదీయు కాటాయు, ఒక గోనెపట్టాయు ఉన్న చాలును. కాటా లేని చోట కొలనారతో బరువును ఇంచుమించుగా తెలిసికొనవచ్చును. ముందుకాళ్ళ వెనుకగా ఎద చుట్టుకొలతను అంగుళములలో తీయుడు. భుజపు మొన మొదలు పిఱుదు మొన వఱకు గల నిడివిని గూడ అంగుళములలో తీయుడు. చుట్టుకొలతను దానితోనే హెచ్చించి, వచ్చినదానిని నిడివితో హెచ్చించి, 660తో భాగించినచో కిలోలు వచ్చును. ఉదాహరణమునకు చుట్టుకొలత 28 అంగుళములు, నిడివి 25 అంగుళములు అనుకొందము. 28ని 28తో హెచ్చింపగా 784. దానిని 25తో హెచ్చింపగా 19,600. దానిని 660తో భాగింపగా 29 కిలోల 700 గ్రాములు. ఇది కాటాకు సమానము కాదు. కొంచెము హెచ్చుతగ్గు లుండును. ఉన్ని లేక బొచ్చు దట్టముగా నున్నచో కొలనారను బిగించి పట్టవలయును. కడుపునిండ నీరు త్రాగించి తెచ్చిన జీవము బరువు ఎక్కువ తూగునని మఱువకుడు. ఉదయమున మేతకు తోలకముందు తూచుట ఉభయులకును న్యాయము.

ప్రాణముతో తూగిన బరువులో చర్మము, తల, కాళ్ళు, ప్రేవులు, రక్తము పోగా మిగులు మాంసము నూటికి 45 మొదలు 50 పాళ్ళుండును. బాగుగా మేసిన పొట్టేలునకు ఎక్కువ, ఈనిన ముసలి గొఱ్ఱెకు తక్కువ. ఈ ఒక్క లెక్క తెలిసినచో ఏ దళారియు మనలను మోసగింపజాలడు.

ఇక లెక్క చూడుడు. 30 కిలోల పొట్టేలును ప్రాణముతో కిలో 400 రూపాయల చొప్పున కొన్నామనుకొందము. వెల 12,000 రూపాయలు. కోసినవాని కూలి, రుసుము, తెచ్చిన ఖర్చు కలిపి 1,200 రూపాయలు. మొత్తము 13,200. తలకాయను కాళ్ళను వేఱుగా సభ్యులలోనే వేలము వేయగా 700 రూపాయలు వచ్చినచో నిలువ ఖర్చు 12,500. నూటికి 48 వంతున మాంసము 14 కిలోల 400 గ్రాములు. కార్జము, గుండెకాయ కలిపి 600 గ్రాములు. వెరసి 15 కిలోలు. ఇరువది పోగులు వేసినచో పోగు 750 గ్రాములు, పోగునకు 625 రూపాయలు. అంగడిలో కిలో 950 రూపాయలైనచో అదే 750 గ్రాములకు 712 రూపాయల 50 పైసలగును. సభ్యునకు 87 రూపాయల 50 పైసలు మిగిలెను. కాపరి సంగతి చూతము. దళారి కంటిచూపుతో ఆ పొట్టేలును 26 కిలోలని కట్టినచో అతనికి ముట్టునది 10,400 రూపాయలే. కాటామీద అమ్ముటవలన అతనికి 1,600 రూపాయలు ఎక్కువ ముట్టెను. వెలలు ఊరూరికి, నెలనెలకు మాఱును. మీ ఊరి వెలలను వేసికొని మీరే మరల లెక్క కట్టి చూడుడు. లాభము తగ్గవచ్చును గాని తూనికలో మోసము మాత్రము ఉండదు.

పండ్లు చూచి వయస్సు తెలిసికొనుట

గొఱ్ఱెకు మేకకు క్రిందిదౌడ ముందు భాగముననే కొఱుకు పండ్లుండును. ఎనిమిదియు చిన్నవిగా, తెల్లగా నున్నచో అవి పాలపండ్లు. వయస్సు ఏడాది లోపల. నడిమి రెండు పండ్లు ఊడి పెద్దపండ్లు వచ్చినచో ఏడాది మొదలు ఏడాదిన్నర. నాలుగు పెద్దపండ్లకు ఇంచుమించు రెండేండ్లు; ఆరు పండ్లకు రెండున్నర మొదలు మూడేండ్లు; ఎనిమిదియు వచ్చి నోరు నిండినచో మూడున్నర, నాలుగేండ్లు. ఆపైన పండ్లు అరుగుట, ఎడమగుట, ఊడుట జరుగును. రెండు పండ్ల పొట్టేలు మాంసము లేతది, రుచియైనది. బరువునకు వచ్చినది గనుక కాపరికిని గిట్టును. పాలపండ్ల పిల్లను తొందరపడి కోయించుట కొనువానికిని అమ్మువానికిని నష్టమే. ఆఱు నెలలు ఆగినచో అదే పిల్ల ఎంతో బరువు తూగెడిది.

మన సంతలకు వచ్చు గొఱ్ఱెలలో నెల్లూరు జాతివి ప్రసిద్ధములు. భారతదేశపు గొఱ్ఱెలలో మిక్కిలి పొడవైన జాతి యిది. తెల్లనివానిని పల్ల యనియు, తెలుపుమీద నల్లమచ్చలు గలవానిని జోడిపి యనియు, ఎఱుపు గోధుమవన్నె గలవానిని దొర యనియు అందురు. పొడవు చూచి మురిసి ఎక్కువ వెల పెట్టకుడు. పొడవు వేఱు, కండ వేఱు. నడుము మీద చేయివేసి నొక్కినప్పుడు వెన్నెముక మొనలు గ్రుచ్చుకొనక, గుండ్రముగా తగిలినచో కండ పట్టినదని తెలియవలయును.

చచ్చినదాని మాంసము చంపునది

వెలలు పెరిగిన కాలమున ఒక గొప్ప ఆపద గలదు. చవుకగా వచ్చినదని చచ్చిన జీవమును, చావబోవు జీవమును కోసి అమ్ముదురు. చవుక యని పేదవారు కొందురు. పశువు హఠాత్తుగా చచ్చి, ముక్కునుండి, నోటినుండి, ఆసనమునుండి గడ్డకట్టని నల్లని రక్తము కాఱినచో అది దొమ్మవ్యాధి కావచ్చును. 2017లో అరకు మన్యమున చచ్చిన జంతువుల మాంసము వలన మనుష్యులకు ఈ వ్యాధి సోకినదను భయముతో పెక్కురకు చికిత్స చేయవలసివచ్చెను. అట్టి కళేబరమును కోయరాదు, చర్మము తీయరాదు, ఈడ్వరాదు. దాని బీజములు నేలలో అనేక సంవత్సరములు చావక యుండును. వెంటనే పశువైద్యునకు తెలిపి, ఆయన చెప్పినట్లు కాల్చివేయుటయో లోతుగా పాతిపెట్టుటయో చేయవలయును.

కొనునప్పుడు ఈ గుఱుతులు చూడుడు. ఆరోగ్యముగల జీవము కన్నులు తేటగా నుండును. ముట్టె తడిగా నుండును. పడుకొన్నప్పుడు నెమరు వేయును. మందతో కలసి నడచును. ముక్కునుండి చీమిడి, నోటిలో పుండ్లు, పారుడు కలసి కనబడినచో అది పారుడువ్యాధి యని అనుమానింపవలయును. మన దేశమున ఇది 1987లో తమిళనాడున మొదట కనుగొనబడినది. దీనికి మంచి టీకా గలదు. ఒకసారి వేసిన మూడేండ్లవఱకు కాపాడును. ముసరవ్యాధి వలె దీనిని గూడ లోకమునుండి తుడిచివేయవలెనని సంకల్పము జరిగినది. ఒకప్పుడు మన తాతల దొడ్లను ఖాళీచేసిన ముసరవ్యాధి 2011లో భూమిమీద లేకుండ పోయినదని ప్రకటింపబడుటకు ఊరూర కలసికట్టుగా టీకాలు వేయించుటయే కారణము.

కోసినపిమ్మట కార్జమును తప్పక చూడుడు. మన డెల్టా కాలువల అంచుల నత్తలవలన కార్జపు జలగ గొఱ్ఱెలకు మెండుగా పట్టును. జలగలు నిండిన కార్జమును తినక పాతిపెట్టవలయును. కార్జమునగాని ఊపిరితిత్తులలోగాని నీరు నిండిన తిత్తులు కనబడినచో వానిని ఎన్నడును కుక్కలకు వేయకుడు. ఆ తిత్తులు తిన్న కుక్క కడుపున పురుగులు పెరిగి, దాని మలముతో గ్రుడ్లు పడి, అవి గడ్డిమీదుగా గొఱ్ఱెకును, చేతులమీదుగా మన పిల్లలకును చేరును. కోతస్థలమునుండి కుక్కలను తఱిమివేయుటకంటె ఈ తిత్తులను పాతిపెట్టుటయే నిజమైన కాపుదల.

తల్లిగొఱ్ఱెను కోతకు అమ్మరాదు

ఇప్పుడు కాపరి సోదరులకు ఒక మాట. వెల ఎక్కినప్పుడు మంద నంతయు అమ్మి సొమ్ము చేసికొనవలెనని మనస్సు లాగును. ఇరువది తల్లిగొఱ్ఱెలు గలవాడు ఏటికి 16 పిల్లలను దక్కించుకొన్నాడనుకొందము. అందు 8 పోతులు, 8 పెంటిపిల్లలు. 8 పోతులను, ముసలివగు 4 తల్లులను అమ్మి, 4 పెంటిపిల్లలను వాని చోట నిలుపుకొని, మిగిలిన నాల్గింటిని పెంచుకొనువారికి అమ్మినచో మంద తఱుగదు. ఏటేట రాబడి వచ్చును. అట్లుగాక వెలకు ఆశపడి పది తల్లులను ఈ యేడే కోతకు అమ్మినచో, వచ్చు ఏటికి పిల్లలు ఎనిమిదే. అందు అమ్మదగిన పోతులు నాలుగే. అమెరికా రైతులకు జరిగినది ఇదియే. గొఱ్ఱె చూలు అయిదు నెలలు గనుక మనకు కోలుకొనుట వారికంటె త్వరగా జరుగును. గేదె చూలు పది నెలలు గనుక పడ్డలను అమ్ముకొన్నవారికి చాల కాలము పట్టును. మూడు నెలల లోపు పిల్లను, అట్టి పిల్ల గల తల్లిని, చూడి జీవమును వధింపరాదని 2001 నాటి నియమములు గూడ చెప్పుచున్నవి. సంఘము తన వంతుగా మంచి తల్లిగొఱ్ఱెలను కోతకు కొనమని తీర్మానము చేసికొనవలయును.

గట్లున్న రైతులు తామే ఒకటి రెండు పోతుపిల్లలను పెంచవచ్చును. మూడు నెలల పిల్ల 12 కిలోలు తూగినచో, దినమునకు 100 గ్రాములు పెరిగినను 180 దినములకు 30 కిలోల పొట్టేలగును. అవిసె ఆకు, సుబాబుల్ ఆకు, గట్టుగడ్డి, దినమునకు పావుకిలో తవుడు తెలకపిండి మిశ్రమము చాలును. కనుమకు కావలసిన పొట్టేలును ఆషాఢమాసముననే కొని కట్టివేయవలయునన్నమాట. తొలకరికి ముందు చిటుకు రోగపు టీకా వేయించుడు; వానలకు ముందును వెనుకను పురుగుల మందు త్రాగించుడు; నిలువనీటి అంచులలో మేపకుడు. మందు వేసిన తరువాత పశువైద్యుడు చెప్పిన గడువు నిండువఱకు ఆ జీవమును కోతకు ఇయ్యరాదు.

సంఘము పాటింపదగిన నియమములు

1. ఇరువది ఇండ్లకు ఒక జట్టు. జాతిమతభేదము లేక సభ్యులందఱును చేరవచ్చును. పోగులు అందఱికి ఒక్కటే.

2. డబ్బు ముందు, పోగు తరువాత. అప్పు పోగు ఒక్కటియు ఇయ్యరాదు. ఇట్టి జట్లు విఱుగుట మాంసమువలన కాదు, నిలిచిపోయిన బాకీలవలన. పూర్తి పోగు కొనలేని సంసారమునకు అరపోగు వేయవలయును; అరపోగు తూనిక పూర్తి పోగులో సరిగా సగముండవలయును.

3. పుస్తకమును, కాటాను మహిళాసంఘపు సోదరీమణుల చేతిలో నుంచుట మంచిది. వండునది వారే, తూనిక విలువ వారికి బాగుగ తెలియును. జీవపు బరువు, మాంసపు బరువు, ఖర్చు, ఎవరికి ఏ భాగము వచ్చినది అన్నియు వ్రాయవలయును.

4. తొడ, ఱొమ్ము, మెడ, కార్జము, బోటి వరుస తప్పక తిరుగవలయును. సర్పంచియైనను, సంఘాధ్యక్షుడైనను వరుస మాఱరాదు.

5. కోతకు పంచాయతీ అనుమతియు, పశువైద్యుని పరీక్షయు తీసికొనవలయును. ముందురాత్రి మేత మాన్పి నీరు మాత్రము పెట్టవలయును. కాలువకు, బావికి దూరముగ, కడిగిన గచ్చుమీద కోయించి, కళేబరమును వ్రేలాడదీసి చర్మము తీయించవలయును, నేలమీద పొర్లించరాదు.

6. కోసిన మూడు నాలుగు గంటలలో మాంసము పొయ్యిమీదికి గాని, మంచుపెట్టెలోనికి గాని పోవలయును. మన గాలిలో తేమ యెక్కువ. మధ్యాహ్నము వఱకు ఆకుమీద నుండిన ముక్క చవుకగా వచ్చినను కొనదగదు.

7. కాపరికి కాటామీదనే, ఆనాడే, పూర్తి సొమ్ము చెల్లింపవలయును. అతని మందకు మన చేలలో మొదటి మేత హక్కు చూపినచో అతడు మన ఊరిని విడువడు. మన చేనికి పెంటయు దక్కును.

ఈ పనికి గొప్ప మూలధన మక్కఱలేదు. ఒక కాటా, ఒక పుస్తకము, ఇరువదిమంది నమ్మకస్థులు చాలుదురు. వారమున కొకటి యని తలపెట్టక, మొదట నెలకొక జీవముతో ప్రారంభింపుడు. మూడు నెలలు నడిపి, లెక్కలను సర్వసభ్యసమావేశమున చదివి వినిపింపుడు. లాభము వచ్చినచో కొనసాగింపుడు. నష్టము వచ్చినచో ఎచ్చట వచ్చినదో పుస్తకమే చెప్పును. దూరపు సంతల వెలలను మనము నిలుపలేము. లోకపు గిరాకిని తగ్గింపలేము. మన ఊరి కాపరికిని మన ఊరి పొయ్యికిని నడుమ ఎన్ని చేతులుండవలయునో నిర్ణయించుట మాత్రము మన వశమున నున్నది. రాబోవు సమావేశమున ఈ విషయమును ప్రస్తావించి, చేరదలచినవారి పేళ్ళను వ్రాయించుకొనవలసినదిగా సంఘపు పెద్దలను కోరుచున్నాము.